మందు మానాలనుకుంటే: అమెరికాలో మొదటి ఏఏ మీటింగు

మందు మానడానికి దారేమిటని అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్ళు నేరుగా అడగరు. "మా ఫ్రెండ్ ఒకడు ఈమధ్య బాగా తాగుతున్నాడండీ, ఏదైనా దారుందా?" అంటారు. వెంటనే రెండోది: "మనవాళ్ళకు తెలుస్తుందా?" ఫ్రెండ్‌కైనా మీకైనా జవాబు ఒకటే: ఏఏ మీటింగు, అంటే తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి ఒకరికొకరు తోడుగా నిలిచే చోటు.

ముందు ప్రాణానికి సంబంధించిన మాట. రోజూ బాగా తాగే అలవాటుంటే మీటింగు పేరు చెప్పి ఒక్కసారిగా ఆపేయకండి. తాగుడుకు అలవాటుపడ్డ నరాలు ఉన్నట్టుండి మందు అందకపోతే అదుపు తప్పుతాయి. కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించడం ప్రాణాపాయం దాకా పోవచ్చు. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా 911కి ఫోన్ చేయాలి. అంతదాకా రాకముందే డాక్టరుకు రోజుకు ఎంత తాగుతున్నారో తగ్గించకుండా చెప్పండి. డాక్టరు ఎవరూ లేకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1-800-662-4357 ఉంది. ఏ రోజైనా, ఏ వేళైనా ఉచితంగా మాట్లాడి చికిత్స ఎక్కడ దొరుకుతుందో చెబుతారు.

ఇక గుట్టు సంగతి. ఆల్కహాలిక్స్ ఎనానిమస్, అంటే ఏఏ, 1935లో ఒహాయోలోని ఏక్రన్‌లో మొదలైంది. సభ్యుల జాబితా ఉంచదు, ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. మొదటి పేరు చెబితే చాలు, ఐడీ ఎవరూ అడగరు. వీసాకు భయపడి మీటింగు మానేసేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి: ముప్పు తెచ్చేది తాగి కారు నడపడం. డీయూఐ కింద, అంటే తాగి బండి నడిపిన కేసులో, అరెస్టయితే, శిక్ష పడకముందే వీసా రద్దు కావచ్చు. అయితే విన్నది బయట చెప్పకూడదన్నది అక్కడి కట్టుబాటే కానీ, లాయరుతో మాట్లాడినట్టు చట్టరక్షణ ఉండదు. కేసేదైనా నడుస్తుంటే ఆ వివరాలు మీటింగులో ఎత్తకండి. తెలిసినవాళ్ళు ఎదురవుతారన్న బెంగ ఉంటే ఇరవై నిమిషాల దూరంలో ఉన్న మీటింగుకు వెళ్ళండి. తెలుగు ముఖం కనబడినా, ఆయన వచ్చిందీ అందుకే.

వెతకడానికి ఏఏవాళ్ళదే 'మీటింగ్ గైడ్' అనే ఉచిత యాప్ ఉంది. రోజు, టైము, దూరం చూపిస్తుంది. 'ఓపెన్' అంటే ఎవరైనా రావచ్చు, భార్యో స్నేహితుడో తోడు రావచ్చు. 'క్లోజ్డ్' అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్ళకు మాత్రమే. మొదటిసారికి 'బిగినర్స్' లేదా 'స్పీకర్' (ఒకరు తన కథ చెబితే మిగతావాళ్ళు వినేది) అని ఉన్నది తేలిక. మీకు చేయి మందు వైపు లాగే వేళ ఏదో, ఆ వేళకే మీటింగు ఎంచుకోండి. చాలామందికి అది శుక్రవారం సాయంత్రం.

చర్చి అడ్రసు చూసి వెనక్కి తిరగొద్దు, హాలు అద్దెకు ఇచ్చారంతే. పెద్ద తలుపు తాళం వేసి ఉంటుంది, మీటింగు తరచు పక్క తలుపులోంచి కిందికి దిగితే వచ్చే బేస్‌మెంట్‌లో ఉంటుంది. తాళం చూసి "లేదేమో" అని ఇంటికెళ్ళిపోయేవాళ్ళున్నారు. పదిహేను నిమిషాలు ముందే వెళితే పార్కింగులో కాఫీ కప్పులతో నలుగురు కనిపిస్తారు, వాళ్ళ వెంట నడవండి.

లోపల గంటసేపు. కొత్తవాళ్ళెవరని అడిగితే పేరు చెప్పొచ్చు, ఊరుకోనూవచ్చు. మీ వంతు వస్తే "ఐ విల్ జస్ట్ లిజన్ టుడే" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో సలహా ఇవ్వడం అక్కడ తప్పు. "పాపం, నువ్విలా చెయ్" అనే మన అలవాటు కాస్త ఆపుకోవాలి. బుట్ట తిరుగుతుంది, ఒకటో రెండో డాలర్లు వేస్తారు, కొత్తవాళ్ళు వేయక్కర్లేదు. చివర్లో గుండ్రంగా నిలబడి ప్రార్థన చేస్తే మౌనంగా నిలబడితే చాలు. దేవుడి మాట అసలే నచ్చకపోతే 'సెక్యులర్' అని ఉన్న ఏఏ మీటింగులున్నాయి, లేదా దేవుడి ప్రస్తావన లేకుండా నడిచే స్మార్ట్ రికవరీ అనే వేరే సంస్థ ఉంది.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: మీటింగు అవగానే కారెక్కేస్తారు. అసలు పని ఆ తర్వాతి పది నిమిషాల్లో ఉంది. కుర్చీలు మడవడానికి ఒక చేయి వేయండి, మాట కలుస్తుంది. మగవాళ్ళు మగవాళ్ళ దగ్గర, ఆడవాళ్ళు ఆడవాళ్ళ దగ్గర రెండు మూడు ఫోన్ నంబర్లు తీసుకోవడం రివాజు. మర్నాడే ఊరికే ఒకసారి ఫోన్ చేయండి. ఆ అలవాటు లేకపోతే, తాగాలనిపించిన రాత్రి ఆ నంబరు నొక్కడానికి వేలు ఆడదు. కొద్దిరోజులు చూశాక, మానేసి ఏళ్ళయిన ఒకరిని స్పాన్సర్‌గా, అంటే దారి చూపే తోడుగా, ఉండమని అడగండి. ఒక్క మీటింగు చూసి తీర్పు ఇవ్వకండి. ఒక్కో గుంపు ఒక్కోలా ఉంటుంది, కనీసం ఆరు చోట్లకు వెళ్ళి చూడండి.

తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం అల్-అనాన్ అనే మీటింగులు వేరే ఉన్నాయి. భర్త మానినా మానకపోయినా భార్య వెళ్ళొచ్చు, ఆయన అనుమతి అక్కర్లేదు.