అవ్వకు ఫోన్ కొనే ముందు

చి. కార్తీక్‌కు,

మామ ఆశీస్సులు. అవ్వకు కీప్యాడ్ ఫోన్ కొనాలని, ధర తక్కువగా ఉండాలని, పర్యావరణానికీ మంచిదై ఉండాలని రాశావు. డబ్బా మీద పచ్చాకు బొమ్మ ఉన్న ఫోన్ ఫొటో కూడా పంపావు. ఆలోచన మంచిదేరా, కానీ ఆ ఆకును చూసి మాత్రం కొనొద్దు. అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర ఇన్నేళ్లుగా ఫోన్లు విప్పి బిగిస్తున్నోడిగా చెప్తున్నా. ఫోన్ వల్ల జరిగే చెరుపులో పెద్ద వాటా అది తయారయ్యేటప్పుడే జరిగిపోతుంది. ఛార్జింగ్‌కు మనం కాల్చే కరెంటు కొంచెమే, కీప్యాడ్ ఫోన్‌కైతే మరీ తక్కువ. అందుకే రెండేళ్లకు మూలనపడే 'గ్రీన్' ఫోన్ కన్నా ఆరేళ్లు నడిచే మామూలు ఫోనే నయం. అంగట్లో నువ్వు చూడాల్సింది అది ఎన్నాళ్లు నిలుస్తుందనే.

సోలార్ ఫోన్ సంగతీ అడిగావు. 2009లో శాంసంగ్ మన దేశంలో 'సోలార్ గురు' అని ఒకటి తెచ్చింది. వీపున సోలార్ పలక ఉండేది. గంటసేపు ఎండలో పెడితే ఐదు నుంచి పది నిమిషాలు మాట్లాడొచ్చని కంపెనీయే చెప్పుకుంది. అనంతపురంలో ఎండకేం కొదవ అంటావు. చిక్కంతా అక్కడే ఉంది. లిథియం బ్యాటరీకి వేడి అంటే పడదు. ఏప్రిల్ ఎండలో చేను గట్టు మీద పెడితే ఛార్జింగ్ ఎక్కేది చారెడు, బ్యాటరీ ఆయుష్షు తరిగేది బారెడు.

మొదట బ్యాటరీ చూడు. వెనక మూత గోరుతో తీస్తే రావాలి, బ్యాటరీ చేతికి ఊడాలి. జిగురుతో అతికించి ఉంటే ఎంత చౌకైనా వద్దను. బీఎల్-5సీ అని నోకియా వాళ్ల బ్యాటరీ ఒకటుంది, ఆ కొలతకు సరిపోయే చౌక ఫోన్లు చాలా ఉన్నాయి. అలాంటిది తీసుకుంటే కంపెనీ మూతపడినా మన ఊళ్లో బ్యాటరీ దొరుకుతుంది. బ్యాటరీ మీద బీఐఎస్ గుర్తు, అంటే మన దేశ ప్రమాణాల సంస్థ ముద్ర, ఉందో లేదో చూడు. ఇంకో చిట్కా చెప్తా, పాత సరుకు అంటగడుతున్నారేమో అని అనుమానం వచ్చినప్పుడు పనికొస్తుంది. బ్యాటరీని అంగడి గాజు బల్ల మీద పడుకోబెట్టి వేలితో తిప్పు. కదలకుండా కూర్చుంటే మంచిది. గిర్రున తిరిగిందంటే పొట్ట ఉబ్బినట్టే, అక్కడే వదిలేయ్.

ఛార్జింగ్ పిన్ను మీ ఇంట్లో ఉన్న ఛార్జర్‌కు సరిపోయేదే తీసుకో. ఇంకో ఛార్జర్ కొంటే ఇంకో చెత్త. మన ఎర్రమట్టి దుమ్ముకు ముందు చెడేది ఇయర్ స్పీకర్. ఆ జాలీని తీసి తుడవడానికి వీలుందేమో మెకానిక్‌ను అడుగు.

నెట్‌వర్క్ విషయంలో చాలామంది మోసపోతారు. వెయ్యి రూపాయల 2జీ ఫోన్‌లో జియో సిమ్ పనిచేయదు, దానికి 4జీ కీప్యాడ్ ఫోనే కావాలి. అవ్వ సిమ్ ఏదో, ఊళ్లో ఏ టవర్ బాగా తగులుతుందో ముందు కనుక్కో. ఇక్కడ వెయ్యి మిగుల్చుకుంటే రేపు మళ్లీ ఇంకోటి కొనాలి.

టార్చ్‌ను తక్కువగా చూడొద్దు. రాత్రి కరెంటు వచ్చినప్పుడు మీ తాత మోటార్ దగ్గరికి పట్టుకుపోయేది ఆ ఫోన్‌నే. మెనూలో లోపలికి లోపలికి పోయి నొక్కితే వెలిగేది కాదు, పైనే ఒక మీట ఉండాలి. అంకెలు పెద్దవిగా ఉండాలి, తెలుగు ఉండాలి. ఎఫ్‌ఎం ఉంటే అవ్వకు ఆకాశవాణి దొరుకుతుంది. కెమెరా ఉన్నా లేకున్నా ఒకటే.

అంగట్లోనే *#06# నొక్కు, ఐఎంఈఐ నంబరు వస్తుంది, అంటే ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, కొంచెం ఎడం ఇచ్చి, ఆ నంబరు వేసి 14422కు మెసేజ్ పెడితే ఆ ఫోన్ వివరాలు తెలుస్తాయి. రేడియేషన్ గురించి టెన్షన్ ఉంటే *#07# నొక్కి చూడు. ఎస్ఏఆర్ అనే విలువ కనిపిస్తుంది, ఫోన్ తరంగాలను మన ఒళ్లు ఎంత పీల్చుకుంటుందో చెప్పే లెక్క అది. మన దేశంలో అది కిలోకు 1.6 వాట్లు దాటకూడదు. బిల్లులో ఐఎంఈఐ నంబరు రాయించుకో, తెల్లకాగితం మీద రాసిచ్చేది బిల్లు కాదు.

ఇక పాత ఫోన్. పాత సామాన్లోళ్లకు వేయొద్దు. రాగి కోసం బోర్డులు కాలుస్తారు, ఆ పొగ వాళ్ల పిల్లలే పీలుస్తారు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్ నియమాల ప్రకారం, వాడి పడేసిన సరుకును రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యత కంపెనీలదే. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగి ఇచ్చేయ్. బ్యాటరీ ఉబ్బి ఉంటే గుచ్చొద్దు, నొక్కొద్దు. బ్యాటరీ మీద మెరిసే లోహపు కొనలకు టేపు అంటించి విడిగా ఇవ్వు.

ఫోన్ తెచ్చాక నంబర్లు నువ్వే ఎక్కించు. 2 నొక్కితే మీ అమ్మకు, 3 నొక్కితే నాకు పోయేలా పెట్టి, ఒకసారి అవ్వ చేతనే నొక్కించి చూడు.

మీ మామ