ఒంగోలు ఇంట్లో నెట్టూ టీవీ పెట్టించే ముందు

అమ్మాయ్,

నువ్వు పంపిన నాలుగు పాంప్లెట్ల ఫోటోలూ చూశాను. నాలుగింట్లోనూ స్పీడు అంకె అరచేతంత ఉంది, ధర పక్కన "షరతులు వర్తిస్తాయి" అనే చుక్క గుర్తు మాత్రం చీమ తలకాయంత ఉంది. కావలిలో అన్నేళ్ళు కేబుల్ నడిపినవాణ్ణి, ఆ చుక్క వెనకాల ఏముంటుందో నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా, ఏ కంపెనీ మంచిది అనే ప్రశ్న కాసేపు పక్కన పెట్టు.

ముందు మీ వీధిలో అటు నాలుగిళ్ళూ ఇటు నాలుగిళ్ళూ తిరుగు. "మీకు నెట్ బాగుందా" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "పోయినసారి నెట్ పోయినప్పుడు ఎన్నాళ్ళకి బాగు చేశారు, వచ్చిందెవరు, ఆయన నంబర్ ఉందా" అని అడుగు. ఏ ఇంట్లో ఆ నంబర్ టక్కున చెప్పి, "ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా వస్తాడమ్మా" అన్నారో ఆ కనెక్షన్ గుర్తు పెట్టుకో. కస్టమర్ కేర్ నంబర్ ఇచ్చి ఊరుకున్నారంటే ఆ ఇంట్లోవాళ్ళు ఇంకా పెద్ద ఇబ్బంది పడలేదని అర్థం, అంతే.

ఎందుకు ఇంత పట్టుబట్టి చెప్తున్నానంటే, బోర్డు మీద పేరు ఎవరిదైనా మన ఊళ్ళల్లో ఇంటిదాకా వైరు లాగేదీ, తెగితే అతికేదీ చాలావరకు లోకల్ కుర్రాళ్ళే. రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీ ఫైబర్‌నెట్ సంగతే చూడు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి ప్రారంభించారు, నెట్టూ టీవీ ఫోనూ మూడూ కలిపి నెలకి 149 అంటే జనం నోరెళ్ళబెట్టారు. మూడూ ఒకే వైరులో రావడం మన వైపు చాలా ఇళ్ళకి అప్పుడే తెలిసింది. అయినా అది కరెంటు స్తంభాల మీదుగా వేసిన ఫైబరే, ఇంటికి కలిపింది మాలాంటి కేబుల్ వాళ్ళే. అందుకే ఒకే కంపెనీ, ఒకే ప్లాను ఒక వీధిలో భేషుగ్గా ఉంటుంది, పక్క వీధిలో వారానికోసారి చస్తుంది.

ఆ కుర్రాడు దొరికాక ఒక్క ప్రశ్న వెయ్యి: "మీ కంట్రోల్ రూమ్‌లో కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుంది?" ఇది మామూలుగా ఎవరూ అడగరు. ఇంటికొచ్చే ఫైబర్‌లో పారేది వెలుతురే కానీ కరెంటు కాదు, దారి మధ్యలో ఉండే డబ్బాలకీ చాలావరకు కరెంటు అక్కర్లేదు. కాబట్టి అవతల నెట్ బయల్దేరే వాళ్ళ గదిలో ఇన్వర్టరో జనరేటరో ఉండి, ఇవతల మీ రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఉంటే వీధంతా చీకటైనా నీ మీటింగ్ ఆగదు. ఆ యూపీఎస్ కొనేటప్పుడు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో చదువు, ఎక్కువ వాటికి 12 ఉంటుంది, ఆంపియర్లు కూడా సరిపోవాలి. తుఫాను సంగతి వేరే. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, అలాంటి గాలికి స్తంభం ఒరిగిందంటే కరెంటుతో పాటు ఫైబరూ కింద పడుతుంది, అప్పుడు ఏ కంపెనీ అయినా ఒకటే. ఆ రెండు రోజులకి ఫోన్లో డేటా ఉంచుకోవాల్సిందే.

ఇక స్పీడు. మీ ఆయన 300 ఎంబీపీఎస్ కావాలంటున్నాడన్నావు. అల్లుడితో గొడవ పెట్టుకోను కానీ లెక్క చెప్తా. ఎంబీపీఎస్ అంటే బిట్లు, మన ఫోన్లో ఫైలు సైజు చూపించేది బైట్లు, అందుకని 8తో భాగించాలి. 100 ప్లానులో సెకనుకి వచ్చేది 12.5 ఎంబీ, అంటే ఒక జీబీ సినిమా నిమిషంన్నర లోపే దిగుతుంది. హెచ్‌డీ సినిమా చూడ్డానికి 5 చాలు, 4కే అయితే 15 నుంచి 20 పట్టొచ్చు, నీ వీడియో కాల్‌కి మూడో నాలుగో. ఇంట్లో అందరూ ఒకేసారి మీద పడ్డా 50 దాటడం కష్టం. 100 తీసుకుంటే దర్జాగా సరిపోతుంది. 300కి పెట్టే డబ్బుతో బెడ్‌రూమ్ దగ్గర ఇంకో వైఫై డబ్బా పెట్టించుకోవచ్చు, మీ ఇంటికి అదే ఎక్కువ అవసరం. నువ్వు ఇంటి నుంచి పని చేస్తావు కాబట్టి అప్‌లోడ్ ఎంతో మాత్రం విడిగా అడుగు, కొన్ని ప్లాన్లలో డౌన్‌లోడ్ 100 ఉన్నా అప్‌లోడ్ అందులో సగం కూడా ఉండదు.

అన్‌లిమిటెడ్ అని రాస్తారు కానీ దానికీ ఒక గీత ఉంటుంది. ఫైబర్ ప్లాన్లలో ఎక్కువగా నెలకి 3,300 జీబీ, అది దాటితే స్పీడు పడిపోతుంది. భయపడకు, హెచ్‌డీ గంటకి 3 జీబీ అనుకున్నా రోజుకి పది గంటలు టీవీ ఆడితే నెలకి 900. దాని దరిదాపులకి కూడా పోము. కానీ నువ్వు పంపిన మూడో పాంప్లెట్ ఉందే, మేడ మీద చిన్న డబ్బా బిగించి 5జీ సిగ్నల్‌తో ఇచ్చేది, వాటిలో ఆ గీత 1,000 జీబీ దగ్గరే ఉండటం మామూలు, అక్కడ ఈ 900 అంటే అంచు మీద ఉన్నట్టే. ఫైబర్ రాని వీధిలో అదొక వరం, కాదనను. ఫైబర్ గుమ్మం ముందే ఉన్నప్పుడు సాయంత్రం ఏడు తర్వాత టవర్ మీద జనంతో పోటీ పడటం ఎందుకు?

డబ్బు దగ్గర పాంప్లెట్లో అంకె ఎప్పుడూ పన్ను లేకుండానే ఉంటుంది. 18 శాతం జీఎస్టీ కలిపితే 499 కాస్తా 588.82, 699 ఏమో 824.82. ఇన్‌స్టలేషన్ ఫ్రీ అన్నారంటే ఆర్నెల్లకో ఏడాదికో ముందే కట్టమంటారు. కట్టొద్దు. మా తమ్ముడింట్లో ఇదే జరిగింది. ఏడాది డబ్బు ఒకేసారి కట్టాడు, ఐదారు నెలలు బాగానే నడిచింది, ఆ తర్వాత ఆపరేటర్ వేరే కంపెనీకి మారిపోయాడు. పాత కంపెనీ వాళ్ళు "మీ ఏరియాలో మాకిప్పుడు సర్వీసు లేదు సార్" అన్నారు, ఆపరేటర్ "నాకు రావాల్సింది నాకే రాలేదన్నా" అన్నాడు, మిగతా నెలల డబ్బు ఎవరి జేబులో ఉందో ఇప్పటికీ తేలలేదు. కాబట్టి ఇన్‌స్టలేషన్‌కి వెయ్యి రూపాయలు పోయినా పోనీ, మొదట ఒక్క నెలకే కట్టు. అది కూడా ఆపరేటర్ చేతికి కాదు, కంపెనీ యాప్‌లో కట్టి రసీదు దాచుకో. రౌటర్ ఎవరిది, మీరు ఖాళీ చేసేటప్పుడు తిరిగివ్వాలా, డిపాజిట్ ఎంత, ఈ మూడూ వాట్సాప్‌లో రాయించుకో.

అసలు తలనొప్పి టీవీది.

కలిపి తీసుకుంటే చవక అని అందరూ అంటారు, ఎవరికి చవక అనేది ఇంట్లో టీవీ చూసేవాళ్ళని బట్టి ఉంటుంది. బండిల్‌లో టీవీ కూడా అదే నెట్ మీదే నడుస్తుంది, నెట్ పోయిందంటే నీ మీటింగూ, మీ అత్తగారి సీరియలూ ఒకే నిమిషంలో పోతాయి. నువ్వు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని గడిపేస్తావు, ఆమె ఏం చేస్తుంది? పైగా ఆమెకి రిమోట్‌లో ఒక నంబర్ నొక్కితే ఛానల్ రావాలి. యాప్ తెరిచి, ప్రొఫైల్ ఎంచుకుని, మధ్యలో లాగిన్ అడిగితే ఓటీపీ కోసం నీకు ఫోన్ చేసి... ఇవన్నీ రోజూ నీ నెత్తిన పడే పనులు. మీ మామగారికి క్రికెట్ పిచ్చి కదా, నెట్ మీద వచ్చే లైవ్ మామూలు కేబుల్ కంటే కొన్ని సెకన్లు వెనక ఉంటుంది, పక్కింట్లో కేకలు వినపడ్డాక మీ టీవీలో వికెట్ పడుతుంది. ఆయన మొహం ఎలా ఉంటుందో ఊహించుకో.

అందుకే నా మాట విను, పెద్దవాళ్ళ హాల్ టీవీకి కేబులో డిష్షో విడిగా ఉంచెయ్. బిల్లు ఎక్కువవుతుందంటావా, ప్యాక్ తగ్గించు. ఛానళ్ళని విడివిడిగా ఎంచుకునే హక్కు 2019 నుంచే మనకుంది, ఆపరేటర్లు మాత్రం ఆ మాట వాళ్ళంతట వాళ్ళు ఎత్తరు, మూడొందల ఛానళ్ళ ప్యాక్ చేతిలో పెడతారు. అందులో మీ ఇంట్లో చూసేవి పదో పన్నెండో. ఒక కాగితం మీద మీ అత్తగారినీ మామగారినీ అడిగి రాసుకో, అవే కావాలని చెప్పు. ఛానళ్ళ ధర మీద నెట్‌వర్క్ ఫీజు అని ఇంకొకటి పడుతుంది. దానికి ట్రాయ్, అంటే టెలికాం నియంత్రణ సంస్థ, పెట్టిన 130 రూపాయల పరిమితి 2024లో ఎత్తేశారు, ఇప్పుడు ఎవరి ఫీజు వాళ్ళది, కాబట్టి ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూడు.

ఓటీటీలు ఫ్రీ అని పదో పదిహేనో బొమ్మలు వేస్తారే, వాటిని చూసి ప్లాను పెంచకు. స్టార్ మా సీరియళ్ళు జియోహాట్‌స్టార్‌లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో, జీ తెలుగువి జీ5లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో ఉంటాయి, ఇవి కాక సినిమాలకి ఆహా. ఈ ఐదింట్లో మీకు కావాల్సినవి ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టు, మిగతా బొమ్మలన్నీ అలంకారం. ఉన్నవాటిలో కూడా ఫోన్‌కి మాత్రమే పనిచేసేది ఇస్తున్నారా, టీవీలో కూడా వస్తుందా, యాడ్స్ వస్తాయా అని అడుగు.

బిగించడానికి వచ్చిన రోజు ఇంట్లో నువ్వే ఉండు, మీ ఆయన ఆఫీసు నుంచి ఫోన్లో చెప్తానంటే కుదరదు. వాళ్ళు తొందరలో ఉంటారు, గుమ్మం పక్కన ఎక్కడ ప్లగ్గుంటే అక్కడ రౌటర్ పెట్టేసి పోతారు. టీవీ వెనకాలా, బీరువా పక్కనా వద్దు, హాల్ మధ్యకి దగ్గరగా, కాస్త ఎత్తులో పెట్టించు. వైఫైలో రెండు పేర్లు వస్తాయి, 5 అని ఉన్నది దగ్గర్లో వేగంగా ఉంటుంది కానీ గోడ దాటితే నీరసపడుతుంది, 2.4 అన్నది నెమ్మదైనా దూరం పోతుంది. ల్యాప్‌టాప్‌కి మాత్రం వీలైతే కేబులే గుచ్చుకో. ఫైబర్ వైరుని మూల దగ్గర మడిచి మేకు కొట్టనివ్వకు, గట్టిగా వంగిన చోట వెలుతురు కారిపోతుంది, గుండ్రంగా తిప్పి క్లిప్పు వెయ్యమను.

అన్నీ అయ్యాక, సంతకం పెట్టే ముందు, "పవర్ మీటర్ పెట్టి రీడింగ్ చూపించు తమ్ముడూ" అను. కరెంటు మీటర్ కాదు, వైరులో వెలుతురు ఎంత వస్తోందో కొలిచేది. మీటర్ మీద మైనస్ అంకె వస్తుంది, సున్నాకి దగ్గరగా ఉంటే మేలు. మైనస్ 20 అటూ ఇటూ ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరుంటే ఇవాళ నడుస్తుంది, వానాకాలంలో రౌటర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. జాయింట్ మళ్ళీ వేయించు, "చాల్లే అక్కా, స్పీడొస్తోందిగా" అంటాడు, ఒప్పుకోకు. ఆ రీడింగ్ ఫోటో తీసి నాకు పంపు, బాగాలేకపోతే ఆ కుర్రాడితో నేను మాట్లాడతా.

తర్వాత ఎప్పుడైనా రోజుల తరబడి నెట్ రాకపోతే కుర్రాడికి ఫోన్ చేసి ఊరుకోకుండా కంపెనీకి కూడా ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబర్, అంటే ఆ ఫిర్యాదుకి వాళ్ళిచ్చే నంబర్, రాసుకో. దానికీ పలక్కపోతే ఆ కంపెనీలోనే అప్పీలు చేసుకునే వీలుంటుంది, ఆ నంబర్ లేకుండా అక్కడ నీ మాట వినరు. ట్రాయ్‌కి రాస్తే ఒక్కొక్కరి విడి ఫిర్యాదులు వాళ్ళు తీసుకోరు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెయ్యి, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇల్లు మీది కాదు కాబట్టి గోడకి రంధ్రం వేసే ముందు ఓనర్‌ని ఒక మాట అడుగు. కిటికీ పక్కన ఏసీ పైపు కోసం వేసిన రంధ్రం ఉందన్నావు కదా, వైరు అందులోంచే తెప్పించు.

మీ మామయ్య