ఒకే ఉద్యానంలో అడవీ, ఆటస్థలమూ

ప్రశ్న: న్యూయార్క్ సెంట్రల్ పార్క్ వంటి పెద్ద ఉద్యానాల్లో ఆటస్థలాలు, పడవలు, సైకిల్ దారులు ఉంటాయి, అక్కడే అడవి, పక్షులు కూడా ఉన్నాయంటారు. వేలమంది తిరిగే చోట ప్రకృతి నిజంగా నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది, కాని దానంతటది నిలవదు. మీరు పేర్కొన్న 843 ఎకరాల ఉద్యానంలో ఎంతో సహజంగా కనిపించే చెరువులు కూడా మనుషులు ఏర్పరచినవే. 1858లో పోటీలో నెగ్గిన ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్‌ల ప్రణాళికలో నన్ను బాగా ఆకట్టుకున్నది దారుల అమరిక. నగర వాహనాలు ఉద్యానాన్ని అడ్డంగా దాటేందుకు అవసరమైన నాలుగు రోడ్లను వారు నేలమట్టానికి దిగువన వేయించారు. బండ్లకు, గుర్రపు రౌతులకు, పాదచారులకు వేర్వేరు బాటలు ఏర్పరచి, అవి ఎదురుపడే చోట్ల వంతెనలు కట్టించారు. మనుషుల రాకపోకలను బాటలకు పరిమితం చేయగలిగితేనే మిగిలిన నేల చెట్లకు దక్కుతుంది.

ఎందుకో ఒక్క అడ్డదారిని గమనిస్తే తెలుస్తుంది. మలుపు చుట్టూ తిరగలేక నలుగురు గడ్డి మీదుగా నడుస్తారు. కొన్నాళ్లకు అక్కడ గడ్డి పోయి నేల గట్టిపడుతుంది. వాన నీరు ఇంకకుండా మన్నును కోసుకుంటూ పారిపోతుంది. నీటిని పీల్చే సన్నని వేర్లు ఎక్కువగా పైపొరలోనే ఉంటాయి కనుక వాటికి గాలి కూడా అందదు. చెట్టు వెంటనే ఏమీ చెప్పదు. కొన్నేళ్ల తరువాత కొమ్మల చివర్లు ఎండడం మొదలయ్యేసరికి ఆ అడ్డదారి సంగతి ఎవరికీ గుర్తుండదు.

అలాగని కంచె వేసి వదిలేస్తే చాలదు. ఇదే ఉద్యానంలో సుమారు నాలుగు ఎకరాల హాలెట్ అభయారణ్యాన్ని 1934లో పక్షుల కోసం మూసివేశారు. దశాబ్దాల తరువాత చూస్తే పరాయి మొక్కలు దాన్ని కమ్మేశాయి, వాటిని పెరికి స్థానిక జాతులను మళ్లీ నాటవలసి వచ్చింది. నగరం మధ్యలోని అడవికి తోటమాలి కావాలన్నది చాలామంది ఒప్పుకోరు గాని, నాకు మాత్రం అందులో సందేహం లేదు. అలాంటి పోషణ ఉన్నందువల్లనే సెంట్రల్ పార్క్‌లో ఇప్పటివరకు 200కు పైగా పక్షి జాతులు కనిపించాయి. వాటిలో చాలా భాగం వలస దారిలో దిగి సేదతీరేవే.

ఈసారి మీరు ఏ ఉద్యానానికి వెళ్లినా బాట పక్కనున్న చెట్టు మొదట్లో నేలను వేలితో నొక్కి చూడండి. రాలిన ఆకులు చివుకుతూ, మన్ను మెత్తగా వేలికి లొంగితే అక్కడ ప్రకృతి నిలిచే ఉంది.