కట్టేసిన లోను మళ్ళీ లేచొచ్చింది, ఐదు వేలు కట్టి వదిలించుకోమంటారా?

ప్రశ్న: మేనేజరు గారికి నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర పల్లెటూరు, కొబ్బరి వ్యాపారం. 2012లో ఒక ప్రైవేటు ఫైనాన్స్ వాళ్ళ దగ్గర బండి తీసుకున్నాను, ఇరవై నాలుగు వాయిదాలు, 2014కల్లా అయిపోయాయి, చివరి రెండూ రావులపాలెంలో వాళ్ళ ఆఫీసుకెళ్ళి క్యాషే కట్టాను. ఇప్పుడు ఆ ఆఫీసు లేదు, అక్కడ సెల్ ఫోన్ల షాపు పెట్టారు. మొన్న ఇంటి మీద పై పోర్షన్ వేద్దామని హోమ్ లోనుకి వెళితే సిబిల్‌లో, అదేనండి అప్పుల చరిత్ర రిపోర్టులో, రిటన్ ఆఫ్ (రాని బాకీ కింద రాసేశారు) అని 14,870 రూపాయలు చూపిస్తోంది, అదీ నేను ఎప్పుడూ వినని కంపెనీ పేరు మీద. దానికి తోడు ఒకతను రోజూ ఫోన్లు, ఐదు వేలు కట్టండి సార్ ఈరోజే క్లియర్ చేసేస్తాం అని. మా ఆవిడేమో పోతే పోయింది కట్టి పారేయమంటోంది. పదేళ్ళు దాటిన బాకీ, అదీ కట్టేసింది, మళ్ళీ ఎలా వస్తుందండి? కట్టమంటారా?

జవాబు: కట్టొద్దండి. ఐదు వేలు కాదు కదా ఐదు రూపాయలు కూడా ఫోన్‌పేలో కొట్టొద్దు, సరే చూద్దాంలెండి అని వాట్సాప్‌లో పెట్టను కూడా పెట్టొద్దు. మీ ఆవిడ గారి బాధ నాకు అర్థమైంది, గొడవ వదిలిపోతుందని ఆవిడ ఆశ, కానీ కడితే వదలదు సరికదా ఇంకా అంటుకుంటుంది.

మన వైపు నోటు వ్యవహారాలు తెలియని ఇల్లు ఉండదు కదా. ప్రోనోటుకి మూడేళ్ళకి కాలదోషం పడుతుంది, అంటే ఆ తర్వాత దావా వేయడానికి పనికిరాదు, అందుకే అప్పిచ్చినాయన మూడేళ్ళు నిండేలోపు గుమ్మంలోకి వచ్చి, ఏమీ లేకపోతే ఒక వంద అయినా ఇవ్వవయ్యా నోటు వెనకాల చెల్లు వేసుకుంటాను అంటాడు. ఆయనకి ఆ వంద మీద ఆశేం లేదు, చెల్లు పడి మీ సంతకం పడితే నోటుకి మళ్ళీ మూడేళ్ళు ప్రాణం వస్తుంది, అదీ సంగతి. 1963 లిమిటేషన్ చట్టంలో 18, 19 సెక్షన్లు ఇదే చెప్తాయి, బండి లోను డబ్బుకైనా మామూలుగా లెక్క మూడేళ్ళే. గడువు దాటిపోయాక చెల్లు వేసినా పనికిరాదు, నిజమే, కానీ దాటిన బాకీని కూడా కడతానని మీరు సంతకం పెట్టి రాసిచ్చారనుకోండి, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను మూడో క్లాజు కింద అది కొత్త ఒప్పందమైపోతుంది. అందుకే ఆ ఫోను అతను డబ్బుతో పాటు సెటిల్‌మెంట్ లెటరు మీద సంతకం కూడా పెట్టమంటే ఎందుకు పెట్టమంటున్నాడో ఆలోచించండి.

పైగా ఐదు వేలు తీసుకుని వాళ్ళు రిపోర్టులో చేసేదేంటంటే రిటన్ ఆఫ్ తీసి సెటిల్డ్ అని వేస్తారు. సెటిల్డ్ అంటే మొత్తం కట్టలేదు, బేరమాడి తగ్గించుకుని కట్టాడు అని. అంటే మీరు పూర్తిగా తీర్చేసిన అప్పుకి మళ్ళీ డబ్బిచ్చి మరీ ఎగ్గొట్టానని ఒప్పుకున్నట్టు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా చెప్పండి.

ఎలా వస్తుంది అన్నారు. ఫైనాన్స్ కంపెనీలు, బ్యాంకులు రాని బాకీలన్నీ గంపగుత్తగా ఇంకో కంపెనీకి అమ్మేస్తాయి, వీటినే అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీలంటారు, 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద ఇది మామూలు వ్యాపారమే. కొబ్బరికాయలు రాశి కింద అమ్మేటప్పుడు ఒక్కో కాయా ఊపి చూడరు కదా, అలాగే వేల అకౌంట్ల లిస్టు చేతులు మారేటప్పుడు మీరు క్యాష్ కట్టిన ఆ రెండు వాయిదాలు జమ పడ్డాయా లేదా అని చూసే నాథుడు ఉండడు. నా అనుమానం అక్కడే, ఆ రెండూ పుస్తకంలో పడలేదు, దాని మీద పెనాల్టీలు పెరిగాయి, అలాగే అమ్మేశారు. ఈ కొనుక్కున్న కంపెనీలు కూడా సిబిల్ లాంటి, మన అప్పుల చరిత్ర రాసిపెట్టే నాలుగు బ్యూరోలకీ లెక్కలు పంపాలని రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరులో చెప్పింది, కాబట్టి ఎక్కడో అడుగున ఉన్న పాతవి కొన్ని ఇప్పుడు పైకి తేలితే ఆశ్చర్యం లేదు.

ఇంకో మాట, ఇది చాలామంది పొరపడే చోటు. కాలదోషం పట్టడం వేరు, సిబిల్‌లో కనబడడం వేరు. దావా వేయడానికి పనికిరాని బాకీ కూడా రిపోర్టులో ఉండొచ్చు. ఏడేళ్ళకి దానంతటదే చెరిగిపోతుందని రచ్చబండ మీద చెప్తుంటారు, రూల్లో ఉన్నది కనీసం ఏడేళ్ళు ఉంచాలని, ఏడేళ్ళు నిండగానే తీసేయాలని లేదు. అందుకని మీరు పాతది పాతది అని పోట్లాడకండి, కట్టేసింది అని పోట్లాడండి, గెలిచేది దాని మీదే.

దానికి కాగితం కావాలి. రసీదులు ఉన్నాయా లేవా మీరు రాయలేదు. అటక మీద పెట్టెలు దింపించండి, పాత పంచాంగాల మధ్య, కరెంటు బిల్లుల కట్టలో చూడండి, నేను సర్వీసులో ఉండగా ఒకాయన ఎన్‌ఓసీని (బాకీ తీరిందని ఫైనాన్స్ వాళ్ళిచ్చే కాగితం) పెళ్ళి ఆల్బమ్‌లో దాచుకుని మూడేళ్ళు వెతికాడు. దొరక్కపోయినా బెంగలేదు, బండి ఆర్సీ తియ్యండి. దాని మీద హైపోతికేషన్, అంటే బండి ఫైనాన్స్ వాళ్ళ తాకట్టులో ఉందన్న రాత, ఎత్తేసి ఉంటే సగం గెలిచినట్టే, ఎందుకంటే అది తీయాలంటే ఆర్టీవో ఆఫీసులో ఫారం 35 ఇవ్వాలి, దాని మీద ఫైనాన్స్ వాళ్ళ సంతకం ఉండాలి, బాకీ ఉంటే వాళ్ళెందుకు సంతకం పెడతారు? ఎత్తేయకుండా అలాగే ఉంటే మాత్రం దాన్నిబట్టి బాకీ ఉందని అనుకోకండి, మనవాళ్ళు సగంమంది ఆ ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారని వదిలేస్తారు. మిగతా ఇరవై రెండు వాయిదాలు బ్యాంకులో కట్ అయి ఉంటే ఆ పాస్‌బుక్కు కూడా పక్కన పెట్టండి. మీ పాస్‌బుక్కు మీద ఆంధ్రా బ్యాంకు అని ఉంటే 2020 ఏప్రిల్ 1 నుంచి అది యూనియన్ బ్యాంకు, సిండికేట్ అయితే కెనరా, పాత స్టేట్‌మెంటు కావాలంటే అక్కడ దరఖాస్తు పెట్టాలి.

తర్వాత రిపోర్టు. మనం అన్నిటికీ సిబిల్ అంటాం గానీ బ్యూరోలు నాలుగు, ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కో దాని నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఫ్రీగా ఇవ్వాలి, వాళ్ళ వెబ్‌సైట్‌లోనే తీసుకోండి, యాప్‌లు చూపించే స్కోరు అంకెతో పనవదు. నాలుగూ తీయమని ఎందుకంటున్నానంటే ఒకదాంట్లో సరి చేయించుకుని సంబరపడతారు, ఆర్నెల్ల తర్వాత ఇంకో బ్యాంకు ఇంకో బ్యూరోలో చూసి మళ్ళీ అదే పాట పాడుతుంది. రిపోర్టులో అకౌంట్ నంబరు, ఓపెన్ చేసిన తేదీ, ఆఖరుసారి డబ్బు కట్టిన తేదీ చూసి రాసుకోండి. ఒకే బాకీ పాత కంపెనీ పేరు మీదొకటి, కొత్త కంపెనీ పేరు మీదొకటి, రెండుసార్లు కనబడినా ఆశ్చర్యపోకండి, అది విడిగా ఇంకో తప్పు, దాన్ని కూడా రాయాలి.

ఇక డిస్ప్యూట్, అంటే రిపోర్టులో తప్పుందని ఫిర్యాదు. బ్యూరో వెబ్‌సైట్‌లో పెట్టండి, పైసా ఖర్చు లేదు, అదే రోజు ఆ కొనుక్కున్న కంపెనీకీ, బండి ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీకీ ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి. బ్యూరో తనంతట తాను ఒక్క అంకె మార్చలేదు, లెక్క పంపినవాళ్ళనే అడుగుతుంది, అందుకే రెండు వైపులా పట్టుకోవాలి. ఉత్తరంలో పురాణం వద్దు, ఇలా రాస్తే చాలు: "ఫలానా నంబరు లోను 2014లో పూర్తిగా చెల్లించాను. నాకు బాకీ ఉందని నేను ఒప్పుకోవడం లేదు. బాకీ ఉందంటే లోను అగ్రిమెంటు, మొదటి నుంచి పూర్తి స్టేట్‌మెంటు, ఆఖరి చెల్లింపు తేదీ, ఈ లోను మీకు బదిలీ అయినట్టు కాగితం పంపండి. లేదంటే నాలుగు బ్యూరోల్లోనూ క్లోజ్డ్ అని సరిచేయండి." ఒప్పుకోవడం లేదు అన్న ముక్క మాత్రం మర్చిపోకండి.

ఆ రోజు తేదీ క్యాలెండరు మీద గుండ్రం చుట్టండి. లోను కంపెనీ 21 రోజుల్లో బ్యూరోకి జవాబివ్వాలి, మొత్తం 30 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే ఆ పైన రోజుకి వంద రూపాయలు మీకు ఇవ్వాలి, 2024 ఏప్రిల్ 26 నుంచి ఈ రూలు ఉంది. 21 రోజుల్లో కదలకపోతే ఆ వంద లోను కంపెనీ నెత్తిన, వాళ్ళు పంపినా బ్యూరో నానిస్తే బ్యూరో నెత్తిన. తప్పు లేదని కొట్టిపారేస్తే ఎందుకో కారణం కూడా చెప్పాలి. 30 రోజులైనా ఉలుకూ పలుకూ లేకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు వినే అధికారి) వెళ్ళండి, 2022 సెప్టెంబరు 1 నుంచి బ్యూరోలు కూడా ఆయన కిందకే వచ్చాయి, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు.

ఆ ఫోన్లు చేసే అతను పొద్దున్న ఎనిమిది లోపు గానీ సాయంత్రం ఏడు దాటాక గానీ చేస్తే ఆ టైము స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అలా చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. ఏదున్నా మెయిల్లో పంపండి బాబూ అని పెట్టేయండి, అంతకుమించి మాటలొద్దు. హోమ్ లోను మేనేజరు గారికి డిస్ప్యూట్ నంబరు, ఆర్సీ జిరాక్సు ఇచ్చి చూడండి, కొంతమంది ఫైలు ముందుకి పంపుతారు, కొంతమంది క్లియర్ అయ్యాక రండి అంటారు. నేనైతే పంపేవాణ్ణి, కానీ నా మీద ఆడిటర్లు విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి లెండి.

ప్రశ్న: ఆకివీడు దగ్గర మాది. నా రిపోర్టులో ట్రాక్టర్ లోను ఓవర్‌డ్యూ ఉంది, నాకు ట్రాక్టరే లేదు. ఆరా తీస్తే అది మా పెదనాన్న గారి అబ్బాయిది, 2011లో తీసుకున్నాడు, ఇద్దరికీ తాతగారి పేరే. బ్యాంకుకెళ్ళి మా అన్నయ్యదేనండి కట్టించేస్తాను అని చెప్పాను, అయినా తీయడం లేదు.

జవాబు: అక్కడే చిన్న పొరపాటు చేశారు. ఇంటిపేరు ఒకటి, పేరు ఒకటి, ఊరు ఒకటి, ఆ రోజుల్లో చాలా లోన్లకి పాన్ నంబరు కూడా ఉండేది కాదు, మరి కంప్యూటరుకి పెద్దోడెవరో చిన్నోడెవరో ఏం తెలుస్తుంది? మీరు కట్టించేస్తాను అనేసరికి వాళ్ళకి మీరే దొరికారు. ఇప్పుడు రాతపూర్వకంగా "ఈ అకౌంటు నాది కాదు" అని మాత్రమే రాయండి, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాన్, ఆధార్ కాపీలు పెట్టండి, లోను అప్లికేషను మీద ఉన్న సంతకం, ఫొటో చూపించమని అడగండి. డిస్ప్యూట్ పెట్టేటప్పుడు కూడా బాకీ మొత్తం తప్పు అనే ఆప్షన్ నొక్కకండి, అకౌంటు నాది కాదు అన్నదే నొక్కండి. మీ అన్నయ్య గారి బాకీ సంగతి ఆయనా బ్యాంకూ చూసుకుంటారు, దాళ్వా డబ్బులొచ్చాక కడతాడని మీరు హామీలివ్వడం ఆపండి.

ప్రశ్న: భీమవరం. 2019లో క్రెడిట్ కార్డు 82,000 బాకీ 40,000కి సెటిల్ చేసుకున్నాను. ఇప్పుడు సెటిల్డ్ అని ఉంది. ఒకాయన 12,000 ఇస్తే పదిహేను రోజుల్లో తీయించేస్తానంటున్నాడు.

జవాబు: మీది తప్పు ఎంట్రీ కాదండి, జరిగిందే రాశారు. ఆయన చేసేదల్లా మీ పేరున డిస్ప్యూట్ మీద డిస్ప్యూట్ పెట్టడం, అది మీరు ఫ్రీగా పెట్టుకోవచ్చు, పెట్టినా బ్యాంకు అవును నిజమే అంటుంది. ఆ 12,000 జేబులోనే ఉంచుకుని బ్యాంకుకి ఉత్తరం రాయండి, మిగతా సొమ్ము కడితే క్లోజ్డ్ అని మార్చి నో డ్యూస్ (బాకీ ఏమీ లేదన్న కాగితం) ఇస్తారా అని, ఇస్తామని కాగితం మీద వచ్చాకే కట్టండి.

ప్రశ్న: మా బావమరిది రొయ్యల చెరువు లోనుకి హామీ సంతకం పెట్టాను, నేను రూపాయి వాడలేదు. నా రిపోర్టులో ఎందుకు వేశారు? డిస్ప్యూట్ పెట్టొచ్చా? (నరసాపురం)

జవాబు: పెట్టొచ్చు గానీ నిలవదు. హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం అని కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను చెప్తోంది, రిపోర్టులో గ్యారంటార్ అనే వేసి ఉంటే అది సరైనదే. గ్యారంటార్ బదులు అసలు అప్పుదారు అని వేస్తే మాత్రం అది తప్పు, దాన్ని మార్పించుకోండి. ఈలోపు బావమరిది గారిని చెరువు పట్టుబడి రోజున కలవండి, మేత కొట్టు ఆయన వచ్చి డబ్బు పట్టుకెళ్ళేలోపు.