వాన పడితే ఆగిపోయే సీసీ కెమెరాలు: కేబుల్ లోపానికి బాధ్యులెవరు?

ప్రశ్న: వనస్థలిపురంలోని మా సొంత ఇంటికి గత ఏడాది బయటి వైపు నాలుగు ఐపీ కెమెరాలు (నెట్‌వర్క్ కేబుల్‌తో నడిచే సీసీ కెమెరాలు) పెట్టించాము. కొటేషన్‌లో ‘క్యాట్ 6, ప్యూర్ కాపర్, అవుట్‌డోర్ కేబుల్’ అని రాసి ఇచ్చారు. వాన పడినప్పుడల్లా గేటు వైపున్న రెండు కెమెరాలు ఆగిపోతున్నాయి. కేబుల్‌లో లోపమేమీ లేదని, కెమెరాలే కొత్తవి కొనుక్కోవాలని బిగించినాయన అంటున్నారు. వారంటీ వచ్చే నెలతో ముగుస్తుంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ కేసుకు బలం ఆ కేబులే కనుక, నోటీసు ఇవ్వడానికి ముందే లోపం ఎక్కడుందో తేల్చుకోండి. వేరొక టెక్నీషియన్‌ను పిలిపించి, ఆగిపోయిన కెమెరాను దింపి, ఇంట్లో పీఓఈ స్విచ్ (ఒకే కేబుల్ ద్వారా కెమెరాకు కరెంటూ, నెట్‌వర్కూ అందించే పెట్టె) పక్కనే చిన్న ప్యాచ్ కార్డుతో, అంటే పొట్టి కేబుల్‌తో, కలిపి చూడమనండి. అక్కడ అది సక్రమంగా పనిచేసి, బాగున్న కెమెరాను గేటు దగ్గరి కేబుల్‌కు తగిలించినప్పుడు అదీ ఆగిపోతే, తప్పు కెమెరాది కాదని చాలావరకు తేలినట్టే. కేబుల్ కొసనుండే ఆర్‌జే45 కనెక్టర్ (ప్లగ్గు) పిన్నులకు పచ్చటి చిలుము పట్టి ఉంటే నీళ్లు దిగాయని అర్థం. కేబుల్ కొసన ఒక తీగను బ్లేడుతో గీకితే రాగి రంగు పోయి లోపల తెల్లగా బయటపడితే, అది రాగిపూత వేసిన అల్యూమినియమే తప్ప ప్యూర్ కాపర్ కాదు. అటువంటి తీగలో నిరోధం ఎక్కువ కావడంతో, దూరం పెరిగేకొద్దీ కెమెరాకు అందే కరెంటు తగ్గుతుంది. ఇవన్నీ వీడియో తీయించి, కేబుల్ తొడుగు మీది అక్షరాలను కూడా ఫొటో తీసి, టెక్నీషియన్ చేత సంతకంతో రిపోర్టు రాయించుకోండి.

ఇక చట్టం సంగతి. ఒక రకం చెప్పి మరో రకం వేస్తే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. కేబుల్ మంచిదే అయినా కనెక్టర్‌ను వానకు వదిలేసి ఉంటే, అది సెక్షన్ 2(11) కింద సేవాలోపం. అయితే పిడుగుపాటుకు కాలిపోయినా, మీ ఇంటి పెయింటర్లు కేబుల్‌ను లాగి తెంపినా ఈ వాదన నిలబడటం కష్టం. ఆ సంగతి ముందే నిజాయితీగా విచారించుకోండి.

వారంటీ ముగిసేలోగా ఫిర్యాదును వాట్సాప్‌లోనూ, స్పీడ్ పోస్టులోనూ పంపి, కేబుల్ మార్చడానికి పదిహేను రోజులు గడువివ్వండి. ఫోన్‌లో మాట్లాడిన మాటలు రేపు లెక్కకు రావు. అయినా స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి చూడవచ్చు, లేదా నేరుగా రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. మీరు నివసించే చోటే వేసే వీలును సెక్షన్ 34 ఇస్తోంది. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, న్యాయవాదిని పెట్టుకోవడమూ తప్పనిసరి కాదు. సెక్షన్ 69 ప్రకారం కేసుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల వరకు గడువుంది.

ఈలోగా కొత్త కేబుల్ వేయించుకోక తప్పకపోతే, తీసిన పాతదాన్ని మాత్రం పారేయకండి. సెక్షన్ 38 కింద కమిషన్ దాన్ని పరీక్షకు ల్యాబుకు పంపే అవకాశం ఉంది. ఎన్‌వీఆర్ (కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే పెట్టె) లాగ్‌లో ‘వీడియో లాస్’ (దృశ్యం ఆగిపోవడం) నమోదైన వేళలు వాన పడిన వేళలతో సరిపోలితే దాన్నీ దాఖలు చేయండి. కానీ ఆ ప్రతితోపాటు 2023 భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇవ్వాల్సిన ధ్రువపత్రం జతపరచాలి.