మా పాప జబ్బేమిటో ఏ డాక్టరూ తేల్చలేకపోతున్నారు. ఇలాంటి పరిస్థితి మీకు ఎదురైందా? మీరేం చేశారు?

మీ పాపకు మూడేళ్లని, ఉన్నట్టుండి నీరసపడిపోతుందని, రెండేళ్లుగా తిరుగుతున్నా రిపోర్టులన్నీ నార్మల్ అంటున్నారని రాశారు. మా బాబుకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. వాడి జబ్బుకు ఈ రోజు వరకూ పేరు లేదు. అయినా రోజూ బడికి వెళ్తున్నాడు, నాలుగో తరగతి. ముందు ఈ మాట మీకు చెప్పాలనిపించింది.

వాడికి పద్నాలుగో నెలలో మొదలైంది. చిన్న జలుబు చేసినా సరే, రెండో రోజు తెల్లారేసరికి వాంతులు, మెడ వాలిపోవడం, పిలిస్తే పలకకపోవడం. ఆసుపత్రిలో సెలైన్ పెడితే మూడు నాలుగు గంటల్లో లేచి కూర్చునేవాడు. ఎమ్మారై బాగుంది, ఈఈజీ బాగుంది. ఒకచోట ఫిట్స్ అన్నారు, ఇంకోచోట వైరల్ అన్నారు. ఒక పెద్ద డాక్టరు గారైతే "పిల్లాడికేం లేదు, నీకే టెన్షన్ ఎక్కువమ్మా" అన్నారు. ఆ రోజు బస్సులో ఖమ్మం వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

మా ఆడపడుచు స్టాఫ్ నర్సు. రెండొందల పేజీల నోట్‌బుక్ ఒకటి తెచ్చిచ్చి, "వదినా, వాడు ఏం తిన్నాడు, ఎన్నింటికి తిన్నాడు, ఎన్నింటికి పడుకున్నాడు, అన్నీ రాయి" అంది. ఐదు నెలలు రాశాక కనిపించింది: వాడు పడిపోయిన ప్రతిసారీ ముందు రోజు రాత్రి అన్నం తినకుండా నిద్రపోయాడు. అంత లావు ఫైల్లో ఎక్కడా లేని సంగతి అది.

తర్వాతి సారి ఎమర్జెన్సీలో డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఆ నోట్‌బుక్ నిలబడే చదివాడు. సూది పెట్టగానే, గ్లూకోజ్ ఎక్కించకముందే, అందులోంచే రక్తం తీసి షుగరు, అమ్మోనియా, లాక్టేట్ (ఒంట్లో తిండి సరిగ్గా శక్తిగా మారుతోందో లేదో తెలిపేవి) పరీక్షలకు పంపాడు. అమ్మోనియా శాంపిల్ ఐస్‌లో పెట్టి తనే ల్యాబుకు పరుగెత్తాడు. ఆ తర్వాత వచ్చిన మొదటి మూత్రం కూడా పట్టించాడు. షుగరు 38 ఉంది, అంటే బాగా పడిపోయింది. అంతకుముందు చేసినవన్నీ వాడు తేరుకున్నాక తీసిన పరీక్షలు, అందుకే నార్మల్ వచ్చాయి. మీ పాప రిపోర్టుల మీద కూడా తేదీ, టైము చూడండి. "మళ్ళీ ఇలా అయినప్పుడు మొట్టమొదట ఏ శాంపిల్ తీయాలి?" అని మీ డాక్టరుతో ముందే కాగితం మీద రాయించుకోండి. శాంపిల్ కోసం గ్లూకోజ్ మాత్రం ఆలస్యం కాకూడదు, ఇది మాకు గట్టిగా చెప్పారు.

అక్కడి నుంచి హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో జెనెటిక్స్ (జన్యు జబ్బుల) విభాగానికి పంపారు. మాది మేనరికం. అప్పటిదాకా అత్తయ్య, అమ్మ ఇద్దరూ ఎవరి వైపు నుంచి వచ్చిందో అని లోపల్లోపల నలిగిపోయేవారు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే జన్యువులో లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం ఉంటుందని, ఇందులో ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ అత్తయ్య ఎదుటే చెప్పింది. ఆ మాటతో ఇంట్లో చాలా భారం దిగింది.

మా ముగ్గురి రక్తంతో ఎక్సోమ్ పరీక్ష చేయించాం. మనకున్న సుమారు 20 వేల జన్యువుల్లో ప్రొటీన్లు తయారుచేసే భాగాన్ని అది చదువుతుంది. రిపోర్టులో 'వీయూఎస్' అని వచ్చింది. అంటే ఒక మార్పు కనిపించింది కానీ, అది జబ్బుకు కారణమో కాదో ఇప్పుడు చెప్పలేమని. దాన్ని జబ్బు పేరనుకోకండి, మేం రెండు వారాలు అలాగే పొరబడ్డాం. ఆ డేటా మాత్రం పదిలంగా దాచమని అడగండి. కొత్త జన్యువులు తెలిసే కొద్దీ ఏడాదికో రెండేళ్లకో మళ్ళీ చదివించవచ్చు, ఇంకోసారి రక్తం ఇవ్వక్కర్లేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అరుదైన జబ్బుల కోసం 2021లో వచ్చిన జాతీయ విధానం కింద నిమ్స్, సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల సంస్థ) కలిపి హైదరాబాదు కేంద్రం. 2022 నుంచి ఒక్కో రోగికి 50 లక్షల దాకా సాయం ఉంది. కానీ అది జాబితాలో ఉన్న జబ్బులకే. జబ్బుకు పేరే లేని మన పిల్లల్ని ఏ జాబితాలో చేర్చాలి? ఇది నాకు ఇప్పటికీ తీరని బాధ.

పేరు లేకపోయినా వైద్యం మొదలైంది. రాత్రి ఏదో ఒకటి తినిపించకుండా పడుకోబెట్టం. జ్వరం వచ్చి తిండి మానేస్తే వెంటనే షుగరు చూడాలని, 10 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ సెలైన్) పెట్టాలని ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఒక పేజీ రాయించుకున్నాం. లామినేట్ చేసి ఒకటి స్కూలు బ్యాగులో, ఒకటి బండిలో, ఒకటి నా దగ్గర. ఈ రెండేళ్లలో ఒక్కసారే అడ్మిట్ అయ్యాడు.

మీకు ఇంకో బిడ్డ ఉంటే ఇది కూడా వినండి. తమ్ముడికి అంటుకుంటుందేమోనని మా పెద్దమ్మాయి రెండు రోజులు తన జ్వరం మాకు చెప్పకుండా దాచింది. అప్పుడు దానికి ఏడేళ్లు. ఆ తర్వాత నుంచి ఆదివారం సాయంత్రం మాత్రం నేను దానితోనే ఉంటున్నాను.

వచ్చే నెల మా రివ్యూ ఉంది, పాత డేటా మళ్ళీ చదివించమని అడగబోతున్నాం. మీ పాపకు ఆ నీరసం ఎక్కువగా ఎప్పుడు వస్తుంది, తెల్లవారుజామునా, తిన్న తర్వాతా? గుర్తున్నంతవరకు రాయండి.