అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కొత్తగా కడుతున్న టీమ్, ఆట నడిపించే యంగ్ గార్డ్స్‌తో ఎంతకాలం ఓపిక పట్టాలి?

నన్నడిగితే కనీసం మూడు నాలుగు సీజన్లు, ఎందుకంటే గార్డ్ పని పాయింట్లు కొట్టడం ఒక్కటే కాదు, బాల్ ఎక్కువసేపు అతని చేతిలోనే ఉంటుంది, పిక్ అండ్ రోల్‌లో (తోటి ఆటగాడు డిఫెండర్‌కి అడ్డు నిలిచి, వెంటనే బాస్కెట్ వైపు కదిలే ఎత్తుగడ) డిఫెన్స్ ఎటు కదులుతుందో అర సెకనులో చూసి పాస్ ఇవ్వాలి, అది ప్రాక్టీస్‌లో రాదు, మ్యాచ్‌ల్లో టర్నోవర్లు (బాల్‌ని ప్రత్యర్థికి పోగొట్టుకోవడం) చేసి చేసే నేర్చుకోవాలి.

డెట్రాయిట్ పిస్టన్స్‌నే చూడండి. గార్డ్ కేడ్ కన్నింగ్‌హామ్‌ని 2021 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట) మొదటి పిక్‌గా తీసుకున్నారు, రెండో సీజన్‌లో కాలి ఎముక గాయంతో 12 మ్యాచ్‌లే ఆడాడు, 2023-24లో అయితే టీమ్ వరసగా 28 ఓడి చివరికి 14 గెలుపులు, 68 ఓటములతో ముగించింది. అప్పుడు అతన్ని వదిలేసుంటే ఎంత నష్టపోయేవాళ్లో! మరుసటి ఏడాదే 44 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లారు, కేడ్ మ్యాచ్‌కి సగటున 26 పాయింట్లు, 9 అసిస్ట్‌లు (తోటివాడు బాస్కెట్ వేసేలా ఇచ్చే పాస్‌లు) చేశాడు. టర్నోవర్లు అప్పటికీ మ్యాచ్‌కి నాలుగు పైనే, అయినా పర్లేదు.

ఇంకోటి, కుర్రాడి ఒక్కడి మీదే భారం వేయకూడదు, ఆ ఏడాది టోబియాస్ హారిస్, మాలిక్ బీస్లీ లాంటి సీనియర్లు వచ్చి దూరం నుంచి షూటింగ్ ఇచ్చాకే, డిఫెన్స్ వాళ్ల వైపు చెదిరి, కేడ్‌కి లోపలికి దూసుకెళ్లే జాగా దొరికింది.